ఏడోవాడు వినని జవాబు

చిట్టా 1

బార్ సంఘం వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. ముంజూరు స్టేషన్ మీద ప్రాక్టీసు చేసే ప్రతి వకీలూ పనిచిట్టా రాయాలట. అందులో సొంత గోల ఉండకూడదట. నా పేరు గొర్తి మందాకిని. సొంత గోల లేకుండా నేను కాఫీ కూడా తాగలేను, కాబట్టి చదివేవాళ్ళే ఓపిక పట్టాలి.

పొద్దున్నే నీళ్ళ క్యూలో నిలబడి వచ్చేసరికి గదిలో ట్రేలో పెంచుతున్న గోంగూర తలకాయ వేలాడేసింది. దాని మీది దీపం మళ్ళీ పోయింది. కిటికీలోంచి కింద నేల కనిపిస్తోంది, నీలంగా, మబ్బులు కప్పుకుని. అక్కడికి దిగడానికి అనుమతి రానివాళ్ళంతా ఈ స్టేషన్‌లోనే ఆగాలి, ఇంట్లోకి రమ్మనకుండా చూరు కింద నిలబెట్టినట్టు. దీనికి ముంజూరు అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ తెలిసే పెట్టాడు.

ఆఫీసుకి వెళ్ళగానే మా సీనియర్ దివాకరంగారు నా మీదికి ఒక ఫైలు తోశారు.

"అమ్మాయ్, నీకో కేసు. ఓడిపోయేదే అనుకో. నీకు నోరెక్కువ కదా, ఆ నోటికి కాస్త పని దొరుకుతుంది."

లెంక అసిరమ్మ, సన్నికల్లు నుంచి పారిపోయి వచ్చిన మనిషి. సన్నికల్లంటే దూరంగా తిరిగే ఒక రాతిముక్క. లోపలంతా గనులే. ఆ రాయి కంపెనీది, గనులు కంపెనీవి, అక్కడివాళ్ళు పీల్చే గాలి కూడా కంపెనీదే. గొట్టాల్లో కొలిచి వదులుతారు. ఒక సొరంగం కూలి మనుషులు పోతే ఎవరూ పోలేదని కంపెనీ ప్రకటించింది. పోయారని బయటికి చెప్పినవాళ్ళ గదులకి గాలి కట్టేయడం మొదలుపెట్టిందని అసిరమ్మ అంటోంది. తన వంతు రాకముందే ఖనిజం మోసే ఓడలో దాక్కుని ఇక్కడ తేలింది.

రక్షణ వీసా అడిగితే ఏడోవాడు కాదన్నాడు. ఏడోవాడంటే ఏడో నంబరు విచారణాధికారి. వాడికి తల్లీ తండ్రీ లేరు, యంత్రం. ప్రశ్నలు అడిగేదీ, జవాబులు రాసుకునేదీ, తీర్పు చెప్పేదీ అన్నీ వాడే. వాడి ఉత్తర్వులో ముఖ్యమైన ముక్క ఇది: "మీకంటే ముందు ఎవరెవరికి గాలి కట్టేశారో పేర్లు చెప్పమని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ దరఖాస్తుదారు మౌనంగా ఉన్నారు. పేర్లు లేని భయం నమ్మదగింది కాదు."

శుక్రవారం సన్నికల్లుకి తిరుగు ఓడ బయల్దేరుతుంది. ఆలోపు రివ్యూ కోర్టు అడ్డుకోకపోతే అసిరమ్మని అందులో ఎక్కించేస్తారు. ఎక్కిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి నాకు యంత్రం అక్కర్లేదు.

ఒళ్ళు మండిపోయింది. కేసు తీసుకున్నాను.

చిట్టా 2

కూర్చున్నచోటు నుంచి లేవకుండా రిట్ పిటిషన్ రాశాను. అసిరమ్మ ఎంత నిజాయితీపరురాలో, కంపెనీ ఎంత దుర్మార్గమైనదో, చదివితే రాయి కూడా కరగాలి. నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. దివాకరంగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అడ్డంగా ఒక గీత గీసి నా చేతిలో పెట్టారు.

"ఇది కథ. బాగుంది. కోర్టుకి అక్కర్లేదు."

"అదేంటండీ! ఆవిడ నిజం చెబుతోందని..."

"నిజమో అబద్ధమో తేల్చే అధికారం రివ్యూ కోర్టుకి లేదమ్మాయ్. ఏడోవాడు విచారణ చట్టప్రకారం చేశాడా, లేదా? అంతే చూస్తారు. కూర రుచిగా లేదని అక్కడ చెప్పకు. వంటవాడు పొయ్యి వెలిగించనే లేదని చెప్పు, అప్పుడు వింటారు."

"మూడుసార్లు అడిగాడు కదండీ. పొయ్యి వెలిగించినట్టే కదా."

"అదే నీ ఖర్మ" అని టీ తెప్పించారు.

నిజంగానే దారి కనపడలేదు. వాడు అడిగాడు, ఈవిడ పలకలేదు. ఇంక వాడి తప్పేముంది? ఈ మహాతల్లి ఎందుకు పలకలేదో రేపు వెళ్ళి అడగాలి. అడగడం కాదు, దులిపేయాలి.

చిట్టా 3

ఈ చిట్టా కుదురుగా కూర్చుని రాయలేకపోతున్నాను. ఆనందంతో! మొదటినుంచీ చెబుతాను.

అసిరమ్మని ఉంచిన చోటుని జైలు అనకూడదట, నిరీక్షణ విభాగం అనాలట. గడియ మాత్రం తలుపుకి బయటవైపే ఉంది. మనిషి పొట్టి, నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతులు మాత్రం పెద్దవి, వేళ్ళ కణుపులు కాయలు కాసి నల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు.

"కూకో లాయరమ్మా. టీ తాగినావేటి? ఇక్కడ టీ బాగుంతాది. మా కాడైతే వేన్నీల్లకి రంగేసి టీ అంతారు."

ఇక మొదలుపెట్టింది. టీ గురించి, పక్క గదిలో దగ్గే ముసలాయన గురించి, ఇక్కడ గాలి ఎంత ఉచితమో, ఉచితంగా వస్తోంది కదాని మొదటి రోజు ఊరికే ఊపిరి పీల్చి పీల్చి ఎలా కళ్ళు తిరిగి పడిందో. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఈవిడా మౌనంగా ఉంది? నా తర్వాత ఈ స్టేషన్ మీద ఇంత వాగుడుకాయని నేను చూడలేదు!

"సరే అసిరమ్మగారూ, అసలు సంగతికి వద్దాం. మీకంటే ముందు ఎవరెవరికి గాలి కట్టేశారు? పేర్లు చెప్పండి."

మాట ఠక్కున ఆగిపోయింది. నవ్వు పోయింది. నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకుంది. కుడిచేతి కణుపులతో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు గబగబా, కాస్త ఆగి ఒకటి, మళ్ళీ కొన్ని. కాసేపు చూశాను. నాకు ఓపిక తక్కువని స్టేషన్ అంతా తెలుసు.

"అమ్మా తల్లీ! నేనిక్కడ గొంతు చించుకుంటుంటే మీరు బల్ల వాయిస్తారేంటి? శుక్రవారం ఓడ ఎక్కించేస్తారు మిమ్మల్ని!"

కళ్ళు తెరిచి నావైపు చిత్రంగా చూసింది.

"సెప్తన్నాను గదమ్మా."

"ఏం చెబుతున్నారు?"

"నువ్వడిగినయ్యే. పేర్లు."

బల్ల వైపు చూశాను, ఆవిడ కణుపుల వైపు చూశాను.

"మా కాడ తలకి పెట్టుకునే టోపీల్లో కంపెనీ సెవులుంతాయమ్మా" అని నెమ్మదిగా వివరించింది అసిరమ్మ. "నోటితో ఏటన్నా ఆల్లకి తెలిసిపోద్ది. అందుకని నోటితో ఊసులాడతాం, నవ్వుతాం, అబద్దాలూ ఆడతాం. నిజం సెప్పాలంతే గాలి గొట్టం మీద కణుపులెట్టి కొట్టాల. అదే మాకు పెమాణం. సచ్చిపోయినోల పేర్లు నోటితో అన్నామంతే ఆల్లింట్లో మిగిలినోల్లకి కూడా గాలి కట్టీస్తారు. పేర్లు నోటితో సెప్పినోడు మనిసే కాదు."

"ఏడోవాడు అడిగినప్పుడు కూడా ఇలాగే కొట్టారా?"

"మరేటి! పెద్ద కచేరీ గదా అని ఇంకా మరియాదగా కొట్టినాను. మల్లీ అడిగినాడు, మల్లీ కొట్టినాను. మల్లీ అడిగినాడు, బల్ల ఇరిగిపోద్దేటో అన్నట్టు కొట్టినాను. ఇన్నాడు. నమ్మనేదు. ఏటి సేత్తాం, నా రాత."

విన్నాడనుకుంది! తాను చెప్పవలసిందంతా చెప్పేసిందనీ, వాడు వినే కాదన్నాడనీ నమ్మి, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఓడ కోసం ఎదురుచూస్తోంది. వాడు ఒక్క అక్షరం వినలేదు తల్లీ! నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఒక్క కేక వేశాను. ఏం ప్రమాదం జరిగిందోనని కాపలావాడు తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పొయ్యి వెలిగించలేదు!" అని వాడి భుజాలు పట్టుకుని ఊపాను. పాపం, వాడికేం అర్థమవుతుంది.

ఆ పేర్లేమిటో నాకు ఒక్కసారి నోటితో చెప్పమని అడిగాను. చెప్పనంది. వాళ్ళ ఇంటివాళ్ళు ఇంకా సన్నికల్లులోనే ఉన్నారంది. ఎంత బతిమాలినా తల అడ్డంగానే ఊపింది.

చిట్టా 4

రిజిస్ట్రీకి పరిగెత్తి విచారణ రికార్డు తీసుకున్నాను. చెవులకి పెట్టుకుని విన్నాను. ఏడోవాడి ప్రశ్న. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే అసిరమ్మ ఊపిరి కూడా వినిపించదు.

కొట్టలేదా? నాకు కథలు చెప్పిందా? ఆఫీసుకి వచ్చి సంగతి చెప్పి కుర్చీలో కూలబడ్డాను. దివాకరంగారు పేపర్లోంచి తలెత్తకుండానే అడిగారు.

"ఊపిరి కూడా లేదా?"

"లేదండీ."

"బతికున్న మనిషి ఊపిరి రికార్డులో లేదంటే ఎవరో కడిగారన్నమాట. కడగనిది తెప్పించుకో."

అదీ సంగతి! రికార్డు స్పష్టంగా ఉండాలని ఏడోవాడు మాట తప్ప మిగతా చప్పుళ్ళన్నీ తీసేస్తాడు. ఫ్యాన్ చప్పుడు, దగ్గు, కుర్చీ కిర్రుమనడం, అన్నీ వాడికి చెత్తే. అసిరమ్మ ప్రమాణం కూడా ఆ చెత్తలో కలిసిపోయింది. కడగని పచ్చి రికార్డు ఇవ్వమంటే రిజిస్ట్రీ గుమాస్తా నిబంధనలు చదివాడు. నేను ఇంకాస్త గట్టిగా నిబంధనలు చదివాను. చివరికి జస్టిస్ మెహరున్నీసా గారి ఛాంబర్ నుంచి ఉత్తర్వు తెచ్చి వాడి బల్ల మీద పెట్టాను. ఇచ్చాడు, ముఖం మాడ్చుకుని.

ఉంది! టకటకలు ఉన్నాయి! మూడుసార్లూ ఉన్నాయి, ఒకసారి కంటే ఇంకోసారి గట్టిగా! టీ ఒలికింది, చీర తడిసింది, ఎవడిక్కావాలి!

కానీ రేపే వాదన, ఎల్లుండి ఓడ. ప్రభుత్వం తరఫున భూషణంగారు వస్తారు. ఆయన చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా మన కాళ్ళ కింద చాప లాగేస్తారు. కంగారుతో వేళ్ళాడించిందని ఆయన అంటే నేనేం చెప్పాలి? అర్థం చెప్పి నిరూపిద్దామంటే అది కొత్త సాక్ష్యం, రివ్యూ కోర్టు ముట్టుకోదు. పైగా ఆ అర్థం నాకూ తెలీదాయె!

చిట్టా 5

కోర్టు. అసిరమ్మని గాజుతెర వెనక కూర్చోబెట్టారు. జస్టిస్ మెహరున్నీసా గారు వచ్చి కూర్చున్నారు. చిన్న మనిషి, చూపు మాత్రం సూది.

పచ్చి రికార్డు వినిపించాను. భూషణంగారు అనుకున్నట్టే లేచారు.

"మిలార్డ్, వకీలుగారి శ్రమని నేను గౌరవిస్తాను. కానీ భయపడ్డ మనిషి బల్ల మీద వేళ్ళాడించడం మనమంతా చూసేదే. ఇది జవాబని అనాలంటే దీని అర్థం చెప్పాలి. అర్థం చెబితే అది కొత్త సాక్ష్యమవుతుంది. ఆ దారి ఈ కోర్టులో మూసి ఉంది."

"మందాకినిగారూ, దీని అర్థం చెబుతారా?" అని అడిగారు జడ్జిగారు.

"చెప్పను మిలార్డ్. నాకూ తెలీదు. తెలియాల్సిన అవసరం ఈ కోర్టుకీ లేదు. జవాబు వచ్చిందా, దాన్ని ఎవరైనా విన్నారా? నా ప్రశ్న అంతవరకే."

"జవాబేనని ఎలా అంటారు?"

నిన్న రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకుని పట్టుకున్నది ఇదే.

"మూడుసార్లు అడిగారు, మూడుసార్లు చప్పుడు వచ్చింది. ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి వినిపించడానికి అనుమతి ఇవ్వండి. కంగారుతో ఆడించిన వేళ్ళైతే అంతా గందరగోళంగా వినపడాలి."

జడ్జిగారు తలూపారు. కోర్టు గుమాస్తా మీట నొక్కాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఒక్క చెయ్యి! మూడు చప్పుళ్ళు కలిసి ఒక్క చెయ్యి కొట్టినట్టు వినిపించాయి. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ గబగబా కొట్టాలో అక్కడ కొట్టింది, మొదటినుంచి చివరి దాకా ఒక్క దెబ్బ కూడా పక్కకి పోలేదు. పుట్టినప్పటినుంచీ ప్రాణం మీదికి తెచ్చుకోకుండా గొట్టాల మీద మాట్లాడిన చెయ్యి అది, తప్పుతుందా? భూషణంగారు చేతిలోని కాగితాలు నెమ్మదిగా బల్ల మీద పెట్టేశారు.

"ఇంకేమైనా చెబుతారా?" అని ఆయన్ని అడిగారు జడ్జిగారు.

"చెప్పడానికేం లేదు మిలార్డ్" అన్నారాయన. పెద్దమనిషి.

ఉత్తర్వు అక్కడే చెప్పారు. "విచారణ అంటే అడగడం ఒక్కటే కాదు, వినడం కూడా. జవాబుని చెత్తగా ఊడ్చేసి, తర్వాత మౌనం అని రాయడానికి చట్టం ఒప్పుకోదు. ఏడో అధికారి నిర్ణయం కొట్టేస్తున్నాను. ఈమెకి రక్షణ ఇవ్వాలా వద్దా అన్నది నేను చెప్పను, అది నా పని కాదు. ఈమెని మళ్ళీ విచారించాలి. ఈసారి మనిషి విచారించాలి."

గాజుతెర దగ్గరికి ఎలా చేరానో గుర్తులేదు.

"గెలిసీసినామా?" అంది అసిరమ్మ.

"గెలిచాం! మళ్ళీ విచారణ చేస్తారు!"

"మల్లీ అడుగుతారా?" ఆవిడ ముఖం వాడిపోయింది. "గెలిస్తే కూడా మల్లీ సెప్పాలేటి?"

పొయ్యి మాత్రమే వెలిగించి వచ్చాను. వంట ఇంకా కాలేదు.

చిట్టా 6

ఓడ వెళ్ళిపోయింది. అసిరమ్మ లేకుండానే. రేవు కిటికీ దగ్గర నిలబడి అది చుక్కంత అయ్యేదాకా చూశాను. దరిద్రం వదిలిందని పైకే అన్నాను, పక్కవాళ్ళు చూసినా సరే.

కొత్త అధికారి ఎస్తేరు రాణిగారు. మనిషే, విచారించాను. విచారణ మూసిన గదిలో జరుగుతుంది, పేర్లు బయటికి రావు. టకటకల అర్థం చెప్పడానికి ముత్యాలు అనే ఆవిడ నేల మీది నుంచి వచ్చింది. చాలా ఏళ్ళ కిందట సన్నికల్లు నుంచి వచ్చి రక్షణ పొందిన మనిషి. అసిరమ్మ ఆవిడతో తలుపు మీద కణుపులతో కాసేపు ఏదో మాట్లాడి, "మంచి సెయ్యి. అబద్దం ఆడదు" అని, మూసిన గదిలో పేర్లు ఆవిడ నోటితో చెప్పడానికి ఒప్పుకుంది.

నాకే నమ్మకం కుదరడం లేదు. అన్నం సయించడం లేదు. విన్నాక కూడా నమ్మకపోతే? ఈసారి తప్పు పట్టడానికి ఏముంటుంది? వచ్చే ఓడకి ఎక్కించేస్తారు. దివాకరంగారు నా ప్లేటు వైపు చూసి, "తిను, ఆకలితో ఉన్న వకీలు జడ్జీలని కరుస్తుంది" అన్నారు. నవ్వొచ్చింది, ముద్ద దిగలేదు.

చిట్టా 7

ఎస్తేరు రాణిగారు లావుగా, నిదానంగా ఉన్నారు. బల్లకి ఒకవైపు ఆవిడ, ఎదురుగా అసిరమ్మ, పక్కన ముత్యాలు. నన్ను మూల కుర్చీలో కూర్చోమన్నారు, మాట్లాడొద్దన్నారు. నన్ను!

"మీకంటే ముందు ఎవరెవరికి గాలి కట్టేశారమ్మా?"

అసిరమ్మ కళ్ళు మూసుకుంది. కణుపులు బల్లని తాకాయి. ముత్యాలు చెవి బల్లకి ఆనించి, ఒక్కొక్కటీ వినిపించగానే నోటితో చెప్పింది. ఒక పేరు. "గాలి కట్టీసినారు." ఇంకో పేరు. "గాలి కట్టీసినారు." మూడో పేరుని ముత్యాలు రెండుసార్లు చెప్పింది, ఆ ఇంటిని ఆవిడ ఎరుగును కాబోలు. ఆ పేర్లు ఇక్కడ రాయను. వాళ్ళ మనుషులు ఇంకా ఆ గొట్టాల మీదే బతుకుతున్నారు. చివరి పేరు మాత్రం రాయొచ్చు.

"లెంక అసిరమ్మ" అంది ముత్యాలు. "ఇంకా కట్టనేదు."

ఏడోవాడికి మూడుసార్లు చెప్పింది ఇదేనా! మూడుసార్లు!

ఎస్తేరు రాణిగారు కలం కింద పెట్టి, "విన్నానమ్మా" అన్నారు. అసిరమ్మ ఆగలేదు. మళ్ళీ మొదటి పేరు నుంచి అందుకుంది, ఇంకా గట్టిగా. బల్ల మీది గ్లాసులో నీళ్ళు కదిలాయి. కణుపు చిట్లి ఎర్రబడింది.

"చాలు, చాలు, విన్నాను" అన్నారు ఎస్తేరు రాణిగారు కంగారుగా.

ముత్యాలు తలెత్తింది. "నోటితో అన్నది లెక్క కాదమ్మగారూ. ఇన్నోలు తిరిగి ఒక్క దెబ్బ కొట్టాల. కొట్టకపోతే ఇన్నా నమ్మనేదని, అందుకే మల్లీ సెప్తన్నాది. అది మా రివాజు."

ఎస్తేరు రాణిగారు ఉంగరం తీసి పక్కన పెట్టారు. వేలు మడిచి, కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టారు.

అసిరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు తెరవకుండానే భోరున ఏడ్చింది, చిన్నపిల్లలా, నోరంతా తెరిచి. నేనూ మొదలుపెట్టాను. మాట్లాడొద్దన్నారు గాని ఏడవొద్దనలేదు కదా.

ఎస్తేరు రాణిగారు ఏడుపులు తగ్గేదాకా కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. తర్వాత రాసుకున్నది పైకి చదివారు. సన్నికల్లులో ఈమెకి ప్రాణభయం ఉందన్నది నిజం. ఈమె సాక్ష్యం నమ్ముతున్నాను. రక్షణ వీసా మంజూరు చేస్తున్నాను. రేపటి నుంచి ఈమె నేల మీద ఎక్కడైనా ఉండవచ్చు, ఈమెని ఎవరూ వెనక్కి పంపకూడదు.

"నేను చెప్పింది విన్నారా అమ్మా?" అని అడిగారు.

ముత్యాలు చెప్పబోయింది. అసిరమ్మ చెయ్యెత్తి ఆపింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నిటారుగా కూర్చుని, ఆ చిట్లిన కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టింది.